బల్లికి ఇడిచిన మూరెడు గోడ

అది డెబ్బై నాలుగో సంవత్సరం. దసరాకు ఇంకా పది దినాలు ఉన్నయి. పురానాపూల్ దగ్గర పాల మల్లేశన్న ఇంట్ల సున్నం ఏసే పని ఒప్పుకున్నం. మా ఆయన బయటి గోడలు, బర్ల కొట్టం చూసుకుంటడు. లోపటి అర్రలు నావి. పాతబస్తీల ఆడోళ్ళుండే అర్రలకు మగ పనోళ్ళను రానియ్యకపోయేటోళ్ళు, అందుకే నాకు ఏనాడూ పని తక్కువ కాలే.

సున్నం ఏసుడంటే బకెట్ల ముంచి గోడకు రుద్దుడు కాదు. రాళ్ళసున్నం వారం ముందే డ్రమ్ముల నానబెట్టి, చల్లారినంక గుడ్డల వడగట్టాలె. జిగురుకు గోందు ఉడకబెట్టి కలపాలె. గోందు తక్కువైతే గోడకు ఆనుకున్నోళ్ళ వీపంతా తెల్లగైతది. ఆఖరికి ఇంత నీలిమందు. ఫస్ట్ కోటు పలుచగ, అది ఆరినంక సెకండ్ కోటు చిక్కగ. వీటన్నిటికంటె ముందు ఇంకొకటున్నది. కుంచె కట్టెతోని గోడను మూడుసార్లు దబదబ కొట్టాలె. పటాల ఎనుక, దూలాల సందుల ఉన్న బల్లులు గిట్ల ఉరికిపోతయి. మా అత్త నాకు నేర్పిన మొదటి పని అదే.

ఆ దినం నేను కొట్టలే.

నేను మొదలువెట్టిన అర్రల మల్లేశన్న తల్లి పోశవ్వ పండుకొని ఉన్నది. ఆర్నెల్ల కింద జారిపడి తుంటి ఎముక ఇరిగింది, అప్పటిసంది మంచంలనే. నొప్పులతోని నిద్ర లేక అప్పుడే కన్ను మూసిందని కోడలు చెప్పింది. మంచాన్ని నడిమికి జరిపి, మీద పాత చీర పందిరి లెక్క కట్టిన. ముసలమ్మ లేస్తదేమోనని సప్పుడు చెయ్యకుండ కుంచె అందుకున్న.

నాలుగైదు సార్లు ఏసిన్నో లేదో, పటం ఎనుకనుంచి ఏదో జారి బకెట్ల పడ్డది. చెయ్యి పెట్టి తీసిన. బల్లి. సున్నపు ముద్ద లెక్క ఉన్నది.

ఆ సప్పుడుకు అవ్వ లేవనే లేసింది. "ఏందే అది?"

"బల్లి అవ్వా. బకెట్ల పడ్డది. బయట పారేసొస్త."

"ఆగు! దాని తోక మొండిగున్నదా చూడు."

చూసిన. మొండిగనే ఉన్నది.

"నా లచ్చే!" అని అవ్వ ఏడుపు అందుకున్నది. "నీ చేతులు ఇరుగ, నా లచ్చిని సంపితివి గదనే!"

అప్పుడు తెలిసింది నాకు. కోడలు బర్ల దగ్గర, కొడుకు పాల క్యాన్లతోని ఊరంత. పగలంత అవ్వకు తోడు ఆ బల్లే. చీపురుపుల్ల కొసకు ఈగను గుచ్చి చాపితే గోడ దిగొచ్చి తినిపోయేదట. పిలిస్తే టిక్ టిక్ అని పలికేదట.

లొల్లి ఇని మల్లేశన్న వచ్చిండు. "బల్లిని ముట్టిన చేతులతోని నా ఇంటికి సున్నం ఏస్తవా? దాన్ని పారేసి తానం చేసి రాపో."

"పడేసింది నేనే అన్నా, లేపేది కూడ నేనే. ముందు ఇన్ని నీళ్ళు ఇప్పియ్యి."

సున్నం పచ్చిగున్నప్పుడే కడగాలె. ఎండిందంటే తోలును పట్టుకొని కాలుస్తది. చెంబుతోని సన్నగ ధార పోసుకుంట, అరచేతిలనే దాన్ని కడిగిన. బల్లి కంటికి రెప్ప ఉండదు, కన్ను మీద దుమ్ము పడితే నాలుకతోనే నాక్కుంటది. ఆ సున్నం నాకితే కడుపులకు పోతదని నాకు భయం. దూది తడిపి కండ్ల మీద బొట్టు బొట్టు పిండిన. ఎంతకూ కదలదు. అవ్వ మంచంల నుంచి మెడ సాపి చూస్తున్నది.

సన్నటి నాలుక బయటికొచ్చింది. కన్నును ఒక్కసారి నాకింది.

"ఉన్నదిరా మల్లిగా! నా లచ్చి ఉన్నది!" అవ్వ చప్పట్లు కొట్టింది.

సంబురపడి గోడకు పెట్టిన. అది జర్రున జారి మల్లేశన్న భుజం మీద పడ్డది.

"అరె బాప్‌రే! పంచాంగం తియ్యిండ్రి! ఎడమ భుజానికి ఏం రాసున్నదో చూడుండ్రి!"

"దాని పానం పోతుంటే నీకు పంచాంగమారా!" అన్నది అవ్వ.

దాన్ని తిప్పి చూసిన. కాలి ఏళ్ళ కింద సన్నగీతలుంటయి, బల్లి గోడను పట్టుకునేది వాటితోనే. వాటి నిండ సున్నం గడ్డకట్టింది. పొద్దుమూకి పని దిగినంక మేము చేతులను పుల్లటి చల్లల ముంచుతుంటిమి. మూలమూలల ఇరికిన సున్నం ఇడిసిపోతది. పాలోళ్ళ ఇంట్ల చల్లకేం తక్కువ?

"బల్లికి చల్లనా? నాకే అన్నంలకు సాలుతలేదు!" అనుకుంటనే మల్లేశన్న గిన్నెడు తెచ్చిండు. నాలుగు కాళ్ళు, కాలికి అయిదేళ్ళు. ఒత్తి తడిపి ఇరవై ఏళ్ళూ తుడిచిన, మల్ల నీళ్ళతోని కడిగి, గంప కింద పెట్టి, ఆ అర్రకు ఫస్ట్ కోటు పూర్తిచేసి ఇంటికి పోయిన.

తెల్లారి వచ్చి గోడకు పెట్టిన. రెండడుగులు ఏసింది, జారింది. మల్ల పెట్టిన, మల్ల జారింది. అవ్వ గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది. "నా లెక్కనే అయ్యింది బిడ్డా, ఇగ లేవది" అన్నది. కోడలు జొన్న గటక తెస్తే ముట్టలే.

కింద పడ్డ బల్లిని తీద్దామని వంగిన. గోడకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డ. తీసి చూస్తే అరచెయ్యంత తెల్లగ.

తొందరల గోందు తక్కువేసిన. గోడంత పిండి రాలుతున్నది, బల్లి కాళ్ళకు పట్టు ఏడ దొరుకుతది? తప్పు దాని కాళ్ళది కాదు, నా గోడది.

తడిగుడ్డ తీసుకొని, మంచం పక్కనుంచి దూలం దాక మూరెడు ఎడల్పు గోడను పాత గచ్చు తేలేదాక తుడిచిన. ఆరేదాక విసనకర్రతోని ఇసిరిన. "అవ్వా, ఒక్కసారి ఇటు చూడు" అని లచ్చిని ఆడ పెట్టిన.

ఒక కాలు ఏసింది. ఆగింది. ఇంకో కాలు. అవ్వ ఊపిరి బిగపట్టింది. ఇగ చూడాలె దాని నడక! దూలం దాక ఒకటే ఉరుకుడు ఉరికి, పైనుంచి వెనక్కి తిరిగి టిక్ టిక్ టిక్ అన్నది.

"నా తల్లే!" అని అవ్వ ఎంత నవ్విందంటే కోడలు బర్ల దగ్గరనుంచి ఉరికొచ్చింది. "గటక ఏదే? ఆకలైతున్నది" అన్నది అవ్వ.

మల్లేశన్న ఆ తుడిచిన జాగ దిక్కు చూసి, "పండుగకు చుట్టాలొస్తరు. ఇది గిట్లనే ఉంటదా?" అన్నడు.

"నన్ను చూడొస్తరా, గోడను చూడొస్తరా?" అన్నది అవ్వ.

ఆ మూరెడు ఇడిచి మిగిలిన గోడలకు గోందు నిండుగ కలిపి సెకండ్ కోటు ఏసిన. అప్పటిసంది గోడ ఆరినంక అరచెయ్యి పెట్టి చూడనిదే ఎవ్వరింట్లనూ పని అయిందనలే. ఎవరన్న పండుకొని ఉంటే లేపుత. తిట్టినా పడుత గని, గోడను కొట్టకుండ కుంచె ముట్ట.

మల్ల సంవత్సరం దసరాకు పోతే ఆ అర్రల మంచం ఖాళీగ ఉన్నది. అంతల తలుపు కాడ టక్ టక్ సప్పుడు. అవ్వ చేతికర్ర పట్టుకొని నడిచొస్తున్నది.

"ఆగు సుగుణా, నువ్వు కొట్టకు" అని, గోడ కాడికి పోయి, చేతికర్రతోని మూడుసార్లు తానే కొట్టింది.

"లచ్చీ, జరగవే. సున్నపామె వచ్చింది."