పేరు పలికితేనే తాడు కట్టేవాడు

రంభ ఊరి సరస్సు రేవులో పడవ నడిపే మావయ్య పోయాడు. ఆరు రోజుల తర్వాతగానీ నాకు తెలియలేదు. అంకులిలో మా వీధికి రంభ నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప దించుతూ చెప్పింది. జ్వరమట, నాలుగు రోజులు పడుకున్నాడట, అంతే. చెప్పేసి పక్కింటివాళ్లకి చేపలు తూచడం మొదలెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. రేవులో అందరికీ మావయ్యే. చదవడం, రాయడం రాదు. అయినా పడవెక్కే ప్రతి మనిషినీ పేరు అడిగేవాడు. ఆ పేరుని రెండుసార్లు పలికి, ఎక్కడ కూర్చోవాలో చూపించేవాడు. చోటు మారితే కోప్పడేవాడు, ఎందుకంటే కూర్చున్న చోటుని బట్టే ఆయనకి పేర్లు గుర్తు. సరస్సు మధ్యలో దీవి చూపించి తిరిగొచ్చాక రేవులో అందరి పేర్లూ పిలిచేవాడు. ఒడియావాళ్లని ఒడియాలో, మనవాళ్లని తెలుగులో. అందరూ పలికాకే తాడు కట్టి దిగనిచ్చేవాడు.

నేను మొదటిసారి ఆ పడవెక్కింది ఇంట్లో గొడవపడి. ఎనిమిదిలో బడి మానేశాను. తర్వాత సైకిల్ షాపు మానేశాను, బట్టల కొట్టూ మానేశాను. నాన్న తిడితే బస్సెక్కి రంభ వచ్చేశాను. ఇంటికి కబురు వెళ్తుందేమోనని, మావయ్య పేరడిగితే రాజు అని చెప్పాను. నన్ను మధ్య బల్ల మీద కూర్చోబెట్టాడు. దీవి నుంచి తిరిగొచ్చేటప్పుడు నేను పడవ ముందుకి పోయి కూర్చున్నాను.

రేవులో అందరూ పలికారు. రాజు పలకలేదు. అది నేనేనని నాకే గుర్తు లేదు. గుర్తొచ్చేసరికి మావయ్య ఖాళీ బల్ల చూసి పడవ వెనక్కి తిప్పేశాడు. రైలు పోతుందని ఒకాయన గోల. పద్దెనిమిది తలలూ ఉన్నాయి కదా అన్నాడు.

"అవును, తలలు సరిపోనాయి బాబూ. దీవిలో ఇంకో రెండు పడవలున్నాయి. ఆళ్ల మనిషి మన పడవెక్కీసుంటాడు. మనోడు అక్కడుండిపోనాడు."

గాలి లేచింది. సగం దూరం దాకా నేను నోరు విప్పలేకపోయాను. మావయ్య నిలబడి దీవి వైపు "రాజూ, ఓ రాజూ" అని గొంతు పోయేలా పిలుస్తున్నాడు, లేని మనిషి కోసం. అంతవరకూ ఎవరూ నన్నలా పిలవగా నేను వినలేదు. తట్టుకోలేక చెప్పేశాను.

కొడతాడనుకున్నాను.

"అసలు పేరేటి?"

"ధర్మారావు."

"దర్మారావు, దర్మారావు" అనుకుంటూ పడవ తిప్పాడు. రేవులో పేర్లన్నీ మళ్లీ మొదట్నుంచి పిలిచాడు. రైలు పోయినాయన కూడా పలికాడు. నాది ఆఖరి పేరు. నేను పలికాక తాడు కట్టి, "ఇప్పుడు దిగు" అన్నాడు.

తర్వాత టీ ఇప్పించి చెప్పాడు. ఆయన కుర్రతనంలో వాళ్లన్న పడవ తిరగబడిందట. ఎంతమంది ఎక్కారో ఎవరికీ తెలియదు. ఒకతని గురించి ఎవరూ అడగనే లేదు. మూడోరోజు తేలాడు. పేరు తెలియకుండానే దహనం చేశారు.

"పేరు తెలిస్తే ఎతుకుతాంరా. నేకపోతే తలలు లెక్కెట్టుకుని ఎల్లిపోతాం."

తర్వాత నేను సూరత్ వెళ్లాను. అక్కడ నన్ను మగ్గం నంబరుతో పిలిచేవారు. పురుషోత్తంపూర్‌లో కూరగాయల లారీ మీద పనిచేస్తే "ఏయ్ తెలుగోడా". ఎక్కడా ఏడాది నిలవలేదు. మానేసినప్పుడల్లా రంభ వెళ్లేవాణ్ణి. మావయ్య అల్లంత దూరం నుంచే "దర్మారావూ, మళ్లీ మానీసినావేటి?" అనేవాడు. ఆ పిలుపు కోసమే మానేస్తున్నానేమోనని ఒక్కోసారి అనిపించేది.

మొన్న ఆదివారం వెళ్లాను. ఇప్పుడు పడవ ఆయన అల్లుడు నడుపుతున్నాడు. మంచివాడే. ఎక్కేటప్పుడు వేలితో లెక్కపెట్టాడు, రేవుకి వచ్చాక మళ్లీ లెక్కపెట్టాడు. పదహారు. సరిపోయింది. పేర్లేవీ పిలవకుండానే తాడు కట్టేశాడు. అందరూ దిగిపోయారు.

"దిగండి బాబూ, వచ్చీసినాం" అన్నాడు.

నేను మధ్య బల్ల మీదే ఉన్నాను. ఈసారి చోటు మారలేదు.