ఫాస్ఫేటు పీకే ఎంజైమ్

ఈ రోజు మా అమ్మాయికి బయాలజీ వైవా. పొద్దున రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో, కాలేజీలో ఆ పాఠాలే చెప్పే నేను, దానికి మూడోసారి చెబుతున్నాను: "కైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫేటు తగిలిస్తే చాలా ప్రోటీన్లు పని మొదలుపెడతాయి. ఫాస్ఫటేజ్ దాన్ని పీకేస్తే ఆపేస్తాయి."

ఎదురు సీటులోని రైతు ఉలిక్కిపడ్డాడు. "వేసిన ఫాస్ఫేటు పీకేసేదేంటండి? మొన్ననే చేనంతా చల్లొచ్చాను!"

"చేలో కాదు బాబాయ్, మన ఒంట్లో."

ఆయన భార్య నవ్వింది. "నాకర్థమైందండి. ఈయన మోటారు వేసి ఊళ్లోకి పోతాడు. నేను ఆపకపోతే ట్యాంకు పొంగి వీధంతా బురదే."

"కణంలోనూ అంతే పిన్నీ. ఆపేవాళ్లు లేకపోతే అది పెరుగుతూనే పోతుంది."

సాయంత్రం అమ్మాయి నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. వైవాలో ఫాస్ఫటేజే అడిగారట.

"ఏం చెప్పావ్?"

"రైల్లో మామ్మగారి మోటారు సంగతి చెప్పా. మేడమ్ 'మా ఇంట్లోనూ ఆపేది నేనే' అన్నారు."

నా పాఠం ఒక్క ముక్కా గుర్తు లేదట! ఆ ఉక్రోషంతో ఇది రాస్తుంటే పెరట్లోంచి మా ఆవిడ కేక: "మోటారు ఎవరు వేశారు?"

మీ ఇంట్లో ఫాస్ఫటేజ్ ఎవరు? చెబుతూ ఉండండి, నేను ముందు పెరట్లోకి వెళ్లాలి.