ట ముందు ఖాళీ గడి

1974 ఎండాకాలం. నాచారంలో మా ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక రిక్రియేషన్ క్లబ్ ఉండేది. డ్యూటీ దిగినవాళ్లు వచ్చి క్యారమ్స్ ఆడుకునేవారు, పేపర్లు చదువుకునేవారు. నేను అక్కడ ఆయాను. ఊడవడం, బల్లలు తుడవడం, టీ కాయడం నా పని. మా ఆయన అదే ఫ్యాక్టరీలో హెల్పర్‌గా ఉండి జబ్బు చేసి పోయాడు, ఆ తరవాత నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. నాకు సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. ఇది కూడా నేను చెప్తుంటే మా చర్చిలో ఒక చెల్లెలు రాస్తోంది. ఆయా పనిలో చెప్పుకోవడానికి ఏముంటుంది అనుకోకండి. క్లబ్బులో నాకు ఇంకో పని ఉండేది. నేను బ్యాగ్ కీపర్‌ని.

అంటే ఏమిటో చెప్తాను. మా క్లబ్బులో తెలుగు మాటల ఆట ఒకటి ఆడేవారు. గళ్ల పలక మీద అక్షరాల బిళ్ళలు పేర్చి మాటలు కట్టాలి. ప్యాటర్న్ షాపు వడ్రంగి, అంటే పోతపోసే అచ్చులకు చెక్కతో నమూనాలు చేసే ఆయన, టేకు ముక్కల మీద అక్షరాలు చెక్కి ఇచ్చాడు. హల్లుకు ఏ గుణింతం పెట్టుకుంటారో ఆడేవాళ్ల ఇష్టం. క బిళ్ళ పెట్టి కా అనుకోవచ్చు, కూ అనుకోవచ్చు. పలక మీద ముందే ఉన్న బిళ్ళకూ అంతే. కానీ బిళ్ళ పెట్టేటప్పుడే మాటను పైకి చెప్పాలి. చెప్పాక మార్చుకోకూడదు. ఎదుటివాడికి అనుమానం వస్తే చాలెంజ్ అంటాడు. అంపైర్ నిఘంటువు తీస్తాడు. అందులో లేకపోతే ఆ వంతు పోయినట్టే.

వంతు రాగానే సంచిలో నుంచి ఒక బిళ్ళ తీసుకుని ఆ తరవాత మాట పెట్టాలి. ఆడేవాళ్లే సంచిలో చెయ్యి పెడితే వేళ్లతో తడిమి ఏరుకుంటున్నారని గొడవలు వచ్చాయి. అప్పుడు అంపైర్ పంతులు గారు అన్నారు, "చదువు రాని మరియమ్మ చేత తీయిద్దాం. ఆమెకు అన్ని బిళ్ళలూ ఒకటే" అని. అట్లా మూడేళ్లు నేనే తీసి ఇచ్చాను.

పంతులు గారు ఒక సంగతి ఆలోచించలేదు. ప్రతి శనివారం ఆ బిళ్ళలకు కొబ్బరినూనె రాసి తుడిచేది నేను. ఆయన పక్కన కూచుని అక్షరం అక్షరం పిలిచి సరిచూసుకునేవారు. మ ఎన్ని, ర ఎన్ని అని ఆయన అడగడం, నేను అందించడం. మూడేళ్లు అట్లా తుడిచిన వేళ్లకు అక్షరాలు పట్టుబడ్డాయి. కావాలని నేర్చుకోలేదు. కానీ వచ్చాయని ఎవరికీ చెప్పలేదు. చెప్తే సంచి తీసుకుంటారు. ఆఫీసర్లంతా నా చెయ్యి వైపు చూస్తూ కూచునే పని నాకు అదొక్కటే.

ఆ ఏడు ఫైనల్‌కు వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు కామేశ్వరరావు గారు, ఉప్పల్ వైపు ల్యాబులో సైంటిస్టు, గుంటూరు మనిషి, ఈ ఆట కోసమే మా క్లబ్బుకు వచ్చేవారు. ఇంకొకరు మల్లేశం అన్న, మా ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్, అంటే ఇంజనీర్లు గీసినవాటికి సిరాతో నకలు తీసే పని. ఆయనది భువనగిరి దగ్గర పల్లె. మా ఆయన పోయినప్పుడు నా అర్జీ రాసి, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది ఆయనే. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

మల్లేశం అన్న అంతకుముందు రెండేళ్లూ ఫైనల్లో ఓడిపోయాడు. రెండోసారి ఓడినప్పుడు వెనక బెంచీలో ఎవరో అన్నారు, "వీళ్లకు తెలుగే సరిగ్గా రాదు, తెలుగు ఆట ఎందుకయ్యా" అని. అది ఆయన చెవిన పడింది. ఆ ఏడాదంతా నిఘంటువు బట్టీ పట్టాడు. ఆట మొదలయ్యే ముందు టీ గ్లాసు నా చేతిలో పెడుతూ, "చెల్లె, ఈసారి గూడ ఓడితే మల్ల ఈ గడప తొక్క" అన్నాడు.

"గట్లనకు అన్నా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం. రేకుల కప్పు కింద హాలు పొయ్యిలా ఉంది. పాయింట్ల కాగితం ఎగరకుండా ఫ్యాను ఆపేశారు. కామేశ్వరరావు గారు మాట పెట్టే ముందు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. మల్లేశం అన్న మోకాలు బల్ల కింద ఆడుతూనే ఉంది. నేను సంచి పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను. ఒకసారి రావు గారు తలెత్తి, "మరియమ్మా, ఆడేది మేమా నువ్వా? కాస్త కుదురుగా నుంచో" అన్నారు. అందరూ నవ్వారు.

చివరికి మల్లేశం అన్న నాలుగు పాయింట్లు వెనక ఉన్నాడు. వంతు ఆయనది. సంచిలో రెండే బిళ్ళలు మిగిలాయి. పలక అంచున ట ఉంది, దాని ముందు ఒకే ఒక ఖాళీ గడి. ఎర్ర గడి, అక్కడ మాట పడితే పాయింట్లు మూడింతలు. ఆయన దగ్గరున్న ణ, ఱ అక్కడికి పనికిరావు. సంచిలో నుంచి వచ్చేదే ఆధారం.

చెయ్యి పెట్టాను. ఒకటి చ. ఒకటి స.

ట ముందు ఖాళీ అనుకోగానే నా నోట్లో మెదిలిన మాట సాట. బియ్యం చెరిగే సాట. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో అదే మాట. పుస్తకంలో దాన్ని చేట అంటారని, చాట అని కూడా రాస్తారని నాకేం తెలుసు? స అయితే అన్న గెలుస్తాడు అనుకున్నాను. చ వదిలేసి స పట్టుకున్నాను. మూడేళ్లలో ఎప్పుడూ చేయని పని. అరచేతిలో పెడుతుంటే ఆయన వేళ్లు చల్లగా తగిలాయి.

ఆయన బిళ్ళ చూసుకున్నాడు. మొహం వెలిగింది. ఠక్కున గడిలో పెట్టి గట్టిగా అన్నాడు, "సాట!"

కామేశ్వరరావు గారు కళ్లజోడు తీయలేదు, తుడవలేదు. "చాలెంజ్" అన్నారు.

పంతులు గారు నిఘంటువు తిప్పారు. స దగ్గర వేలు పెట్టి కిందికి, పైకి, మళ్లీ కిందికి. "లేదయ్యా మల్లేశం. చేట ఉంది. చాట ఉంది. సాట లేదు."

"ఎందుకు లేదు సార్? మా ఇండ్లల్ల గదే అంటరు. చెల్లె, నువ్వు చెప్పు, బియ్యం దేంతోని చెరుగుతవ్?"

"సాటతోనే" అన్నాను.

వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. "సాటట! సాక్షి కూడా దొరికింది!" అని ఎవరో అరిచారు. మల్లేశం అన్న తల దించుకున్నాడు. వంతు పోయింది. రావు గారు ఆఖరి బిళ్ళ కోసం నా వైపు చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"సార్, ఆ స నేను ఏరి ఇచ్చిన" అన్నాను.

"ఏరడమేమిటి? నీకు చదువు రాదుగా?"

"కండ్లకు రాదు సార్. వేళ్లకొచ్చింది."

ఎవరూ నమ్మలేదు. రావు గారే లేచి పలక మీది బిళ్ళలు గుప్పెడు తీసి సంచిలో పోశారు. "మ తియ్యి" అన్నారు. తీశాను. "ళ." తీశాను. "ల కాదు, ళ అన్నాను." "ళనే సార్, సూడున్రి." చూసి కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు ఆయన మెల్లగా అన్నారు, "స వస్తే సాటి ఉంది, సూటి ఉంది. చ వస్తే చేట, చోటు, చీటి. ఏది వచ్చినా నేను ఓడిపోవాల్సిందే మల్లేశం!"

ఆట రద్దు చేసి వచ్చే ఆదివారం మళ్లీ పెడదామన్నారు పంతులు గారు.

"ఒద్దు సార్" అన్నాడు మల్లేశం అన్న. "బిళ్ళ ఆమె ఇచ్చింది. మాట నేను పెట్టిన. సాటి అనాల్సిన నోరు సాట అన్నది. రావు గారే గెల్చిన్రు." కప్పు రావు గారికే ఇచ్చారు. తీసుకున్నారు గానీ, ఎవరి వైపూ చూడకుండా చంకలో పెట్టుకుని గబగబా వెళ్లిపోయారు.

నేను వరండాలోకి పరుగెత్తాను. అన్న సైకిల్ తాళం తీస్తున్నాడు. "అన్నా, నీ మంచికే జేసిన" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నువ్వు ఏరకున్నా గెలుస్తుంటి చెల్లె" అన్నాడు. "స ఇచ్చినవని గాదు నా బాధ. నేను గెలుస్తనన్న నమ్మకం నీకు గూడ లేకపాయె."

ఆయన మళ్లీ క్లబ్బుకు రాలేదు. దారిలో కనపడితే బాగున్నవా చెల్లె అనేవాడు, ఆగేవాడు కాదు. సంచి పని నుంచి నన్ను తీసేశారు, ఆయా పని మాత్రం ఉంచారు. అక్షరాలు చెక్కడం మానేసి నున్నటి బిళ్ళల మీద రంగుతో రాయించారు.

ఆయన అన్నది నిజం. వెనక బెంచీల వాళ్లు ఆయనకు రాదన్నారు. నేను కూడా రాదనే అనుకున్నాను, కాకపోతే నా చెయ్యి అడ్డం పెట్టాను. నావాళ్లు అనుకుంటే ఈ చెయ్యి ఊరుకోదని ఆ రోజు తెలిసింది.

నాలుగేళ్ల తరవాత మా అమ్మాయి ఎస్తేరు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు పరీక్షకు వెళ్లింది. క్లబ్బులో నేను టీ ఇస్తుంటే పరీక్ష పెట్టే ఆఫీసరే అడిగాడు, "మరియమ్మా, మీ అమ్మాయట గదా, జర నేను చూసుకోవాల్నా?" అని. కెటిల్ బల్ల మీద దించి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఒద్దు సార్" అన్నాను. "దానికి టైపు వచ్చు."

ఆ ఏడు దానికి ఉద్యోగం రాలేదు. పై ఏడు మళ్లీ రాసింది, వచ్చింది.