మూత సరిగ్గా బిగించని సీసా

ఇది చెప్తే నన్నేమనుకుంటారో తెలీదు. ఏళ్ళ తరబడి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. ఇవాళ దించేస్తాను.

నేనూ దమయంతీ కలిసి పరిశోధన చేసేవాళ్ళం. నాది పార్వతీపురం. దానిది ముంచింగిపుట్టు దగ్గర కొండ ఊరు. ఆ ఊరి కింద ఊబి ఉంది. ఆ నీళ్ళకు ఆమ్ల గుణం ఎక్కువ. డెస్మిడ్లనే పచ్చటి సూక్ష్మ నాచు అలాంటి నీళ్ళలోనే బాగా బతుకుతుంది. ఒక సాయంత్రం దమయంతి వాళ్ళింటి అరుగు మీద, మేం సీసాలో పట్టి తెచ్చిన ఊబి నీళ్ళ చుక్కొకటి మైక్రోస్కోపులో చూసి కేక పెట్టింది. నక్షత్రం లాంటి కణం, నడుం దగ్గర నొక్కినట్టు రెండు సమానమైన సగాలు. ఈ కొండల్లో అంతవరకూ ఎవరూ చూడనిదట. వెంటనే మా గైడుకు ఫోన్ చేసింది. నన్నూ చూడమంది. రేపు లాబ్‌లో చూస్తాలే అన్నాను.

మర్నాడు లాబ్‌కి తిరిగొస్తుంటే ఘాట్ మలుపుల్లో, జీపులో ఆ సీసా ఒలికిపోయింది. మూత పెట్టింది నేనే. దమయంతి నా భుజం మీద నిద్రపోతోంది. అరకులో టీకి ఆగినప్పుడు రోడ్డు పక్క కుంటలో సీసా నింపేశాను. ఏ నీళ్ళయినా నీళ్ళే కదా అనుకున్నానా? లేదండీ, నాకు బాగా తెలుసు. గైడు తిడతారని భయం. అంతేనా? దమయంతికి పేరొస్తుందన్న కుళ్ళు లేదూ? ఉంది.

"ఇవి మామూలు కుంట నీళ్ళమ్మా. లేనిది చూశానంటే ఎలా?" అన్నారు గైడు, లాబ్‌లో ఆ సీసా నీళ్ళు చూసి.

దమయంతి నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పవే, ఊబిలో సీసా ఇద్దరం కలిసే కదా ముంచేం?"

"నాకు గుర్తు లేదు" అన్నాను.

మళ్ళీ వెళ్ళి తెస్తానని దమయంతి అంటే ఆయన ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు అది చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయింది. నేను లెక్చరరయ్యాను. ఛీ, ఏం బతుకు!

ఈ చలికాలం మైక్రోస్కోపు పట్టుకుని ఆ ఊబికి వెళ్ళాను. దొరికింది. పచ్చగా, అది చెప్పినట్టే ఉంది. ఆ నీళ్ళు సీసాలో నింపి నేరుగా దమయంతి ఇంటికి తీసుకెళ్ళి, అదే అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి, చూడమన్నాను. అది చూస్తుండగానే జరిగిందంతా చెప్పేశాను.

దమయంతి మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యకుండానే, "ఇన్నేళ్ళూ నా కళ్ళనే నేను నమ్మలేదు గదే" అంది.

నేను ఏడ్చాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అది క్షమించాననీ అనలేదు. కానీ చెప్పాక ఊపిరి ఆడింది.

ఈ నీళ్ళు గైడుకు చూపించి, ఆయనకు కూడా నిజం చెప్తానన్నాను. "నేనూ వత్తాను" అంటూ లేచింది. నేను సీసా మూత పెట్టబోతే, దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"ఈపాలి మూత నేనెడతాను."