పాట చెబితేనే బియ్యం

అల్లూరు చర్చి స్త్రీల సమాజానికి మా మేనత్త పెద్ద. ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం పోగుచేసి, లేనివాళ్లకు ఇచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు. ఒక నాట్ల పాట చెప్పించుకుని, నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు కొలిచేది. పాటలు పోతున్నాయని ఆమె దిగులు.

అరవైల మొదట్లో, కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు, అత్త వెంట నాట్ల కూలికి పోయే ఒకామె ఇంటికి వెళ్లాను. ఆమె భర్త పోయి నెలయింది. పిల్లలిద్దరూ ఆకలితో ఉన్నారు, పొయ్యి వెలగలేదు.

"నాకు పాటలు రావక్కా. ఊరికే పెడితే వద్దు," అందామె.

అత్త బుట్ట దించి, తనే ఒక పాట ఎత్తుకుంది. చరణాలు తారుమారు చేసి పాడింది. ఆమె కాసేపు ఓర్చుకుంది.

"అట్ట కాదక్కా. నారు పీకకముందే నాటేస్తావా?" అని నవ్వి, మొదటినుంచి తను పాడింది. అత్త శ్రద్ధగా రాసుకుని, బియ్యం కొలిచింది.

దారిలో అడిగాను. "అత్తా, ఆ పాట పాడే కదా నన్ను నిద్రపుచ్చేదానివి?"

"అయితే ఏంది? పోయి ఆమెతో చెప్పబాక," అంది.

చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు కనక రాస్తున్నాను.