వంతెన దగ్గర పెట్టాల్సిన మార్కెట్

తొంభైల్లో నేను నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక కన్సల్టెన్సీలో పని చేశాను. ప్లానింగ్ చదివాక దొరికిన మొదటి ఉద్యోగం. జిల్లాలకు అభివృద్ధి ప్రణాళికలు రాసేవాళ్లం. పద్ధతి ఒక్కటే: జిల్లా కేంద్రాన్ని నడిమధ్య పెట్టు, రోడ్లన్నీ అక్కడికి తిప్పు, మార్కెట్ యార్డు, కోల్డ్ స్టోరేజీ, ఐటీఐ అన్నీ అక్కడే కట్టు. పాలమూరుకూ అదే రాశాం.

ఒక ఏడాది మాకు విదేశీ పని దొరికింది. అంతర్యుద్ధం అప్పుడప్పుడే ఆగిన ఒక చిన్న దేశం, అందులో ఒక జిల్లా. ఆ దేశం కన్సల్టెన్సీ నడిపే మా సారూ చూడలేదు, నేనూ చూడలేదు. ముసాయిదా మాత్రం పాలమూరు ఫైల్లోంచి తయారైపోయింది.

దాన్ని చూసి సలహా ఇవ్వడానికి అక్కడి నుంచి ఒక ఇంజనీరు వచ్చి దోమలగూడ లాడ్జిలో దిగాడు. ఇంగ్లిషులో నెమ్మదిగా మాట్లాడేవాడు. మ్యాపు చూడగానే జిల్లా కేంద్రం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడికి నది అవతల మా ఒడ్డు వాళ్లు రారు. యుద్ధంలో మా మనుషుల్ని పట్టుకుపోయి చంపింది ఈ ఊళ్లోనే. కూరగాయలు కుళ్లిపోయినా సరే, రారు."

"మరి ఎక్కడ అమ్ముతున్నారు?"

నది మీద వంతెన చూపించాడు. "ఇక్కడ. రెండు ఒడ్ల వాళ్లూ వస్తారు. కాల్పులు జరిగే రోజుల్లోనూ వచ్చారు."

ఇంతకన్నా ఏం కావాలి? మార్కెట్టునూ కోల్డ్ స్టోరేజీనీ వంతెన దగ్గరికి మార్చి, రెండు వైపుల నుంచీ రోడ్లు కలిపి, కొత్త మ్యాపు గీసి సారు ముందు పెట్టాను.

"ఏంది బై ఇది? బ్రిడ్జి కాడ ఏమున్నది? ఊరా, ఆఫీసా? హెడ్‌క్వార్టర్ ఇడిసిపెట్టి ఎవడన్న గాడ పెడ్తడా?"

"జనం ఆడికే వస్తున్నరు సార్."

"కట్టినంక హెడ్‌క్వార్టర్‌కే వస్తరు. ఎటు పోతరు?"

"ఆ ఊళ్లనే వాళ్లోళ్లను చంపిన్రు సార్."

"అరే, లడాయి అయిపోయింది గద! నీకు గంత దర్దుంటే అశోక్ నగర్ కోచింగ్‌కు పోయి గ్రూప్ వన్ చదువు. పెద్ద ఆఫీసరయినంక నీ బ్రిడ్జి కాడ పెట్టుకో."

పక్క టేబుళ్ల వాళ్లు నవ్వారు. నా చెవులు మండిపోయాయి.

పాత మ్యాపే మళ్లీ రిపోర్టులోకి ఎక్కింది. అంతవరకే అయితే ఓడిపోయానని ఊరుకునేవాణ్ణేమో. కానీ చివర్లో 'స్థానికులను సంప్రదించి తయారుచేసినది' అని ఒక పేజీ, దాని కింద ఆ ఇంజనీరు పేరు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తీసుకోలేదు, పేరు మాత్రం తీసుకున్నారు!

చదివి ఆయన లేచి నిలబడ్డాడు. "నా పేరు తీసేయండి. మా ఒడ్డున ఇది చూస్తే నేను అమ్ముడుపోయాననుకుంటారు. నా పెళ్లాం పిల్లలు అక్కడే ఉన్నారు."

సారు ఆయన భుజం తట్టాడు. "మీరు వచ్చారు, చూశారు, మాట్లాడుకున్నాం. సంప్రదించడమంటే ఇదే కదా!"

నేను కంప్యూటర్లో ఆ పేరు తీసేశాను. సారు నన్ను కుర్చీలోంచి లేపి, ఇంకొకరిచేత మళ్లీ కొట్టించాడు. ఇంజనీరు విమానం ఎక్కకముందే బైండింగ్ కాపీలు కొరియర్లో వెళ్లిపోయాయి.

నేను ఉద్యోగం మానేశాను. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. వెళ్లే ముందు చిక్కడపల్లిలో నా గదికొచ్చాడు. తాను ఒప్పుకోలేదని ఒక కాగితం రాసిమ్మన్నాడు. రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆఫీసు ముద్ర లేకపోతే మావాళ్లు నమ్ముతారా?"

ముద్ర సారు బీరువాలో ఉంది. సారు మీద నోటిదాకా వచ్చిన బూతును మింగి, నమ్ముతారో లేదో తెలీదన్నాను.