మా కొండ మీది మరమనిషి గొంతు

లంబసింగి మంచు చూడ్డానికి వచ్చినవాళ్లకు పొద్దున్నే చేసే పనేమీ ఉండదు. మంచు తనకు బుద్ధి పుట్టినప్పుడే విడుతుంది. ఆ ఖాళీలోనే నా పని. టీ కొట్టు పక్కన చిన్న మైకు పెట్టుకుని పాత టీవీ సీరియళ్లలోని గొంతులు అనుకరిస్తాను. అంతరిక్ష నౌక కెప్టెను, వేరే గ్రహం రాణి, అందరికంటే ముందు మరమనిషి. నలభై దాటినవాళ్లు ఆ మరమనిషి గొంతు వినగానే చిన్నపిల్లలైపోతారు. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, ఈ ఏజెన్సీ మొత్తంలో ఆ గొంతు నాకు తప్ప ఎవరికీ రాదు.

నేర్చుకున్నది చింతపల్లి దగ్గర మా ఊళ్లో, ఊరికంతా ఒకటే టీవీ ఉన్న రోజుల్లో. తెర నిండా చుక్కలే, మాటలు మాత్రం వచ్చేవి. మా మావ కాఫీ తోటలో చెట్టెక్కి యాంటెన్నా తిప్పుతూ, "ఏట్రా, అగుపడతందా?" అని అరిచేవాడు.

"నేదు మావా! ఇనబడతంది, ఒగ్గేయ్!" అనేవాళ్లం.

మొన్న చలికాలంలో ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. నేను మరమనిషిని మొదలుపెట్టాను. "ఆజ్ఞ... అందింది. దారి... చూపిస్తాను." అందరూ చప్పట్లు కొట్టారు. మెడకు మఫ్లరు చుట్టుకున్న ఆ పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్లు మండింది. "ఏం సార్, తప్పేమైనా ఉందా?" అని మైకులోనే అడిగాను.

ఆయన మాట్లాడలేదు. భార్యే లేచి నా దగ్గరికి వచ్చారు. తెలుగులో ఆ మరమనిషికి గొంతిచ్చింది ఆయనేనట. గొంతుకు ఆపరేషనయ్యాక మాట పోయిందట.

"మధ్యలో అలా ఆగడం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు బాబూ," అన్నారు మెల్లిగా.

తాడిని తన్నేవాడి తల తన్నేవాడుంటాడంటారు. నాకు ముందు బెంచీలోనే దొరికారు. మా కొండ మీద గాలి కొట్టినప్పుడల్లా సిగ్నల్ తెగేది. ఆ తెగడాన్ని మరమనిషి మాటతీరనుకుని ఇన్నేళ్లూ శ్రద్ధగా సాధన చేశాను.

"మాకలాగే ఇనబడీదమ్మా," అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ. ఆయన శబ్దం లేకుండా నవ్వారు. లేచి వచ్చి, బల్ల మీద వేలితో కొడుతూ మాట నడక చూపించారు. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి ఆగకుండా వచ్చింది. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

"ఇంకొక్కటి చెబుతావా? రోజూ పొద్దున్నే ఆ గొంతుతోనే నన్ను ఆటపట్టించేవారు, 'శ్రీమతీ, కాఫీ' అని."

మైకు ముందు నాకు మొదటిసారి భయం వేసింది. అది సీరియల్లో మాట కాదు, వాళ్లింట్లోది. ఆయన వైపు చూశాను. సరేనన్నట్టు తల ఊపారు. మైకు కట్టేసి, ఆ గొంతుతో అన్నాను.

"ఆఁ, తెస్తున్నా," అనేశారావిడ, ఆయన వైపు తిరిగి.